తాళం ఉంటే పక్క ఇంటికి

రిటైరైన ఆర్థికవేత్తను పిలిచి కుర్రకారు ముందు కూర్చోబెడితే, వాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, మీరు చేసిన స్టడీల్లో మీకు బాగా గుర్తుండిపోయింది ఏది?" వాళ్ళు ఎలాంటి జవాబు కోసం ఎదురు చూస్తారో నాకు తెలుసు. నా సలహాతో ఫలానా పథకం మారింది, ఫలానా ఊళ్ళు బాగుపడ్డాయి అని చెప్పాలి. అలాంటివి ఒకటో రెండో నా ఖాతాలో లేకపోలేదు. కానీ నిద్ర లేవగానే గుర్తొచ్చేది మాత్రం నేను తప్పు చేసిన స్టడీ. ఈ మధ్య ఒక ట్రైనింగు క్లాసులో అది చెప్పబోతే, నిర్వాహకులు మర్యాదగా వాచీ చూసుకున్నారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడ వాచీ చూసుకునేవాళ్ళు నాకు కనబడరు.

మెట్రో ఇంకా యమున దాటి నోయిడాకు రాని రోజులవి. నేను కృష్ణా జిల్లా నుంచి చదువుకని ఢిల్లీ వచ్చి, అక్కడే ఉద్యోగంలో చేరి, నోయిడాలో ఒక అపార్ట్‌మెంటు కొనుక్కుని స్థిరపడినవాణ్ణి. దక్షిణ ఢిల్లీలో ఒక పరిశోధన సంస్థలో పని. ప్రభుత్వం ఒక పథకం మొదలుపెడుతుంది. అది జనానికి పనికొస్తోందా లేదా అని లెక్క తీసి చెప్పమని మమ్మల్ని అడుగుతుంది. మేం ఇంటింటికీ మనుషుల్ని పంపి, జవాబులు పోగుచేసి, కంప్యూటర్లో వేసి, లావుపాటి రిపోర్టు రాసిస్తాం. క్లుప్తంగా మా పని అదే.

ఆ ఏడాది మాకు వచ్చిన పని బాల్వాడీల గురించి. నగరం మధ్యలోంచి మురికివాడలు ఎత్తేసి, అక్కడివాళ్ళకు ఊరి చివర చిన్న చిన్న స్థలాలిచ్చి కాలనీలు కట్టించారు. ఆ కాలనీల్లో పనికి పోయే తల్లుల పిల్లల్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూసుకోవడానికి ఒక్కో గది, అందరూ దీదీ అని పిలిచే ఒక్కో ఆవిడ. దానికి బాల్వాడీ అని పేరు. వాటిని ఉంచాలా, మూసెయ్యాలా అని తేల్చడానికి ఒక కమిటీ వేశారు. నాలుగు కాలనీల్లో సర్వే చేసి కమిటీకి రిపోర్టు ఇవ్వాల్సింది నేను.

నాకు అప్పట్లో ఒక పట్టుదల ఉండేది. సర్వే ఫారం ఒక్క కాగితం మించకూడదు. అంతకు ముందు ఒక స్టడీలో రెండో కాగితాలు పిన్నులూడి ఎక్కడెక్కడో పడిపోయి, మా ప్రాణం తీశాయి. అందుకని ఈసారి ప్రశ్నలు కత్తిరించి కత్తిరించి, అటూ ఇటూ కలిపి ఒక్క కాగితంలో ఇరికించాను. చివర్లో రెండు వరుసలు మిగిలిపోయాయి: ఇల్లు తాళం వేసి ఉందా, ఎన్నిసార్లు వెళ్ళి చూశారు అని. ఇంటివాళ్ళు దొరకకపోతే ఇక ఫారం ఎందుకు నింపుతారు, ఈ వరుసలు దండగ అనుకుని తీసేశాను. వాటి బదులు ఫీల్డు వాళ్ళకిచ్చే సూచనల కాగితంలో ఒక వాక్యం రాశాను: ప్రతి ఏడో ఇంటికి వెళ్ళండి, తాళం ఉంటే పక్క ఇంటికి వెళ్ళండి. ఒక్క కాగితం ఫారం చూసి మా డైరెక్టర్ "బ్యూటిఫుల్" అన్నారు. ఆయన ఆ మాట ఏడాదికి ఒకసారి కంటే అనరు. నేను పొంగిపోయాను.

సర్వేకు ఎనిమిది మందిని తీసుకున్నాం. అందులో ఒక తెలుగమ్మాయి ఉంది. వరంగల్ వైపు నుంచి సివిల్స్ రాయడానికి వచ్చి, కటవారియా సరాయ్‌లో మరో ఇద్దరితో కలిసి ఒక గదిలో ఉండేది. గది అద్దె కోసం ఇలాంటి పనులకు వచ్చేది. సన్నగా, చేతిలో ఎప్పుడూ ఒక పెన్సిలు, జవాబు చెప్పే ముందు ఒక్క క్షణం నేల చూసే అలవాటు. మా ఆఫీసులో తెలుగు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కావడంతో, తక్కిన వాళ్ళు ఎదురుగా ఉన్నా నాతో తెలుగులోనే మాట్లాడేది.

సర్వే మొదలైన నాలుగో రోజు నా గదిలోకి వచ్చి నిలబడింది.

"సార్, ఒక్కసారి మీరొచ్చి చూడుండ్రి. గల్లీల సగం ఇండ్లకు తాళాలే ఉన్నయ్."

"ఉంటే ఏం చెయ్యాలో కాగితం మీద రాసిచ్చాగా."

"రాసిచ్చిన్రు. పక్కింటికే పోతున్నం. కని పక్కింట్ల ఎవరుంటున్నరు సార్? ముసలోళ్ళు, లేకపోతే ఇంటికాడనే ఉండే ఆడోళ్ళు. వాళ్ళకు బాల్వాడీ ఏం అక్కర? అందరు 'మా పిల్లలు ఇంట్లనే ఉంటరు' అనే చెప్తున్నరు."

"మరి అదే కదమ్మా మనం తెలుసుకోవాలనుకుంటున్నది? జనానికి అక్కర్లేదని తేలితే తేలనీ."

ఆమె నేల చూసింది. "బాల్వాడీ నిండుగ ఉంది సార్. మంచినీళ్ళకని లోపటికి పోయిన. కాలు పెట్టనీకి జాగ లేదు."

నేను కోపిష్టిని. అందులోనూ నా ఫారాన్ని ఎవరైనా వేలెత్తి చూపితే నాకు చప్పున మండేది. "నువ్వు ఒక రోజు, ఒక చోట చూసింది కబురవుతుంది. సాక్ష్యం కాదు" అన్నాను. "హాజరు రిజిస్టర్లు తెప్పించి చూశాను. వాటిల్లోనూ గది నిండా పిల్లలే. ఆ రిజిస్టర్ రాసేదెవరు? ఆ దీదీయేగా? తన పరీక్ష తనే దిద్దుకుంటే ఎవరైనా మార్కులు తక్కువ వేసుకుంటారా?"

మా వృత్తిలో ఇది పెద్ద జబ్బు. సర్కారు రిజిస్టర్ అబద్ధం, మన సర్వే నిజం అని మేం అన్నం తిన్నంత మామూలుగా నమ్ముతాం. చాలాసార్లు అది సరైనదే కావడంతో ఆ నమ్మకం ముదిరిపోతుంది.

ఆమె "సరే సార్" అని వెళ్ళిపోయింది. గెలిచాననుకుని నేను టీ తెప్పించుకున్నాను.

సర్వే అయింది. లెక్కలు నేనే చేశాను. మా లెక్కల్లో ఒక ఫలితం గట్టిదని తేలితే అంకె పక్కన చిన్న నక్షత్రం గుర్తు పెడతాం. మరీ గట్టిదైతే రెండు. నా పట్టికలో రెండేసి నక్షత్రాలు వరసగా మెరిశాయి. బాల్వాడీలో పిల్లల్ని వదిలే ఇళ్ళు బహు కొద్ది. రిజిస్టర్ల లెక్క అందుకు ఎన్నో రెట్లు. ఈ రెండింటికీ పొంతన లేదని చెప్పడానికి నేను చాలాసేపు ఆలోచించి ఇంగ్లీషులో ఒక వాక్యం రాశాను. హాజరు పట్టికలు వాస్తవానికి మించి రాసినట్టు కనిపిస్తోందని దాని భావం. అబద్ధం అనే మాట వాడకుండా అబద్ధమని చెప్పడం ఒక కళ. అందులో నాకు మంచి పేరుండేది.

కమిటీ ముందు రిపోర్టు చదివాను. అధ్యక్షురాలు ఒక సీనియర్ ఐఏఎస్ అధికారిణి. ఎక్కువ మాట్లాడరు. "మీకు ఖాయమేనా?" అని ఒక్కమాట అడిగారు. "రెండు నక్షత్రాలు, మేడం" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నాలుగు నెలలు గడిచాయి. బాల్వాడీలు మూసేసే తీర్మానం చెయ్యడానికి కమిటీ ఒక గురువారం చివరిసారి కూర్చుంటుందనీ, నింపిన ఫారాలు కొన్ని నమూనాకు తీసుకురమ్మనీ ఉత్తరం వచ్చింది. మంగళవారం మధ్యాహ్నం భోజనం చేసి, స్టోర్‌రూములోంచి కట్టలు దింపించి, చేతిరాత శుభ్రంగా ఉన్నవి ఏరుతూ కూర్చున్నాను. నాకు కావలసింది అందమైన ఫారాలు. ఎనిమిది మందిలో అందరికంటే గుండ్రటి రాత ఆ తెలుగమ్మాయిది. ఆమె కట్ట విప్పాను.

మొదటి ఫారం కుడివైపు పైమూల, పెన్సిలుతో చిన్నగా "తా 2" అని ఉంది. తెలుగులో. రెండో దాని మీద ఏమీ లేదు. మూడో దాని మీద "తా 1". ఆ తరువాత దాని మీద "తా 4".

డేటా ఎక్కించిన మా మీరట్ కుర్రవాణ్ణి పిలిచి ఇదేమిటని అడిగాను. "డిజైన్ అనుకున్నాను సర్" అన్నాడు. పాపం, అతని తప్పేముంది? ఆ ఆఫీసులో ఆ అక్షరం చదవగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే, నేనేమో నాలుగు నెలలుగా ఫారాలు ముట్టుకోలేదు. కంప్యూటర్ తెర మీద అంకెలు మాత్రమే చూశాను.

ఆమెకు ఫోన్ చేశాను.

"తా అంటే ఏమిటమ్మా?"

"తాళం సార్. ఆ ఇంటికి పోకముందు ఎన్ని తాళాలు తగిలినయో అన్ని ఏసిన."

"ఎందుకేశావు? నేను అడగలేదే."

"ఫారంల తాళాలకు వరుసే లేదు గద. ఎక్కడన్న ఒక కాడ రాయాలె గదా అనిపించింది. ఆఫీసుల తెలుగు చదివేటోళ్ళు మీరొక్కరే. ఎన్నడన్న చూస్తరనుకున్న సార్."

ఫోన్ పెట్టేసి ఆమె ఫారాలన్నీ నేల మీద పరిచాను. సగానికి పైగా కాగితాల మీద ఆ గుర్తు ఉంది. తాళం ఎవరు వేస్తారు? పగలు ఇంట్లో ఎవరూ ఉండనివాళ్ళు. అంటే భార్యాభర్తలిద్దరూ పనికి పోయేవాళ్ళు. వాళ్ళు పిల్లల్ని ఎక్కడ వదులుతారు? బాల్వాడీలో. మా వాళ్ళు పొద్దున పదింటికి వెళ్ళి సాయంత్రం నాలుగింటికి తిరిగొచ్చేవారు. బాల్వాడీ వాడుకునే ఇళ్ళన్నీ సరిగ్గా ఆ వేళకే తాళాలతో ఉంటాయి. ఆ ఇళ్ళను వదిలి, బాల్వాడీ అవసరం లేని ఇళ్ళకు వెళ్ళి, మీకు బాల్వాడీ అవసరమా అని అడగమని వాళ్ళను పంపింది నేను. నా చేత్తో రాసి పంపాను. ఇలాంటి తప్పును పరీక్షలో విద్యార్థి చేస్తే నేను సున్నా వేసేవాణ్ణి.

బుధవారం పొద్దున ఆఫీసుకు వెళ్ళకుండా కాలనీకి వెళ్ళాను. మా అపార్ట్‌మెంటు నుంచి ఆటోలో ఇరవై నిమిషాలు. సర్వే మొదలుపెట్టిన రోజున ఫోటోకు నిలబడి వచ్చాక, మళ్ళీ అటు పోలేదు. పదకొండు గంటలు. గల్లీ వెడల్పు మనిషి చేతులు చాపినంత. రెండు వైపులా తలుపులు, తలుపులకు తాళాలు. ఒక గుమ్మం ముందు మంచం వేసుకుని ఒక ముసలామె మెంతికూర గిల్లుతోంది.

"కిస్‌కో ఢూంఢ్ రహే హో, బాబూజీ?" అంది. ఎవరి కోసమో చెప్పలేక, వీళ్ళంతా ఎక్కడికి పోయారని అడిగాను.

"కోఠియోం మే" అంది, నోయిడా వైపు చెయ్యి చూపిస్తూ. మీ పెద్దిళ్ళల్లో పనికి అని. పిల్లలో అంటే, గల్లీ చివరకు చూపించి, "దీదీ కే పాస్" అంది, దీదీ దగ్గర అని.

మా ఇంట్లో అంట్లు తోమి, ఇల్లు తుడిచే ఆవిడ ఏడేళ్ళుగా పదిన్నరకు వచ్చేది. అంటే నేను ఈ గల్లీలో నిలబడి ఉన్న ఆ నిమిషాన ఆవిడ నా వంటింట్లో ఉంది. ఆవిడకు పిల్లలున్నారా, ఉంటే ఎక్కడ వదిలి వస్తోందని ఏడేళ్ళలో ఒక్కసారైనా నేను అడగలేదు. పసిపిల్లల సంరక్షణ మీద రిపోర్టు మాత్రం రాశాను.

బాల్వాడీ ఒకే గది. లోపలికి పోలేదు, గడప దగ్గరే నిలబడ్డాను. దీదీ నలభై దాటిన మనిషి, చేతిలో గంటె ఉంది. కిచిడీ వడ్డిస్తోంది. నన్ను చూసి ఏదో ఆఫీసు మనిషిననుకుని, చేతులు తుడుచుకుని బయటికి వచ్చింది. నేనెవరో చెప్పేలోపే లోపలికి వెళ్ళి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది.

ఆమె హిందీలో అన్నది తెలుగులో చెప్తాను. "సాబ్, మీరు చదువుకున్నవారిలా ఉన్నారు. ఈ కాగితం ఇంగ్లీషులో వచ్చింది. పక్క గల్లీ దర్జీతో చదివిస్తే 'ఝూఠీ హాజరీ', దొంగ హాజరు, అని ఉందన్నాడు. వాడికి సరిగా రాదు. మీరు చదవండి."

అది సంజాయిషీ నోటీసు. రేపటి మీటింగు కాకముందే ఎవరో అత్యుత్సాహంతో పంపారు. వారం రోజుల్లో జవాబివ్వకపోతే ఉద్యోగం లోంచి తీసేస్తామని ఉంది. కారణం కింద నా వాక్యం ఉంది. కామాతో సహా నాదే. నేను అంతసేపు ఆలోచించి ఎంచుకున్న ఆ మర్యాదస్తుల మాటలన్నీ అక్కడ ఉన్నాయి. వాటిని హిందీలోకి మార్చి ఆమెకు చెప్పాలి. మర్యాదగా చెప్పే మార్గం దొరకలేదు.

"మీరు రాని పిల్లల్ని వచ్చినట్టు రాశారంటున్నారు" అన్నాను.

"ఎవరంటున్నారు?"

"సర్వే చేసినవాళ్ళు."

"వాళ్ళు లోపలికి రానే లేదే!" అంది. "ఒక్క అమ్మాయి వచ్చింది. నీళ్ళు తాగింది, పిల్లలతో కాసేపు కూర్చుంది. ఆ అమ్మాయి రాసిందా?"

"కాదు."

"మరెవరు?"

నేను నోటీసు మడిచి ఆమెకు తిరిగి ఇచ్చాను. ఆమె కవరులోంచి రిజిస్టర్ తీసి తెరిచింది. "పదకొండేళ్ళుగా రాస్తున్నాను సాబ్. జ్వరమొచ్చి తల్లి మధ్యలో తీసుకుపోతే 'సగం పూట' అని రాస్తాను. ఇదిగో, చూడండి. అబద్ధం రాసేదాన్నైతే సగం పూట అని రాస్తానా?"

నా దగ్గర ఆ రిజిస్టర్ల జిరాక్సులు ఉన్నాయి. ఆ సగం పూటలు నేను చూశాను. చూసి, రిజిస్టర్ నమ్మకంగా కనిపించడానికి వేసిన ఎత్తు అనుకున్నాను.

"చూస్తాను" అని మాత్రం అని, తల వంచుకుని వచ్చేశాను. అది రాసింది నేనేనని చెప్పే ధైర్యం ఆ రోజు నాకు లేదు. ఇన్నేళ్ళ తరువాత కూడా రిపోర్టు కంటే ఆ పిరికితనమే నన్ను ఎక్కువ బాధిస్తుంది.

మధ్యాహ్నం ఆఫీసుకు వెళ్ళి డైరెక్టర్‌కు అంతా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, సంస్థను కాపాడుకోవలసినవాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "రేపు ఏమీ ఒప్పుకోకండి. 'ఇంకొంత అధ్యయనం అవసరం' అనండి. ఆ మాట ఎవరూ కాదనరు. ఆరు నెలలు నడుస్తుంది" అన్నారు. ఆరు నెలలు మాకు నడుస్తుంది, ఆ దీదీకి ఉన్నది వారమే అన్నాను. "నోటీసు వేరే విభాగం ఇచ్చింది, అది మన రిపోర్టు పరిధి కాదు" అన్నారు. ఆ వాక్యం కూడా నేనే రాసినట్టుంది. అంత నునుపుగా ఉంది.

గురువారం కమిటీ గదిలో పొడవాటి బల్ల, బిస్కట్లు, నీళ్ళ సీసాలు. నా ముందు ఆ అమ్మాయి ఫారాల కట్ట. అధ్యక్షురాలు మొదలుపెట్టగానే, "మేడం, తీర్మానానికి ముందు ఒక విషయం చెప్పాలి" అన్నాను. మా రిపోర్టు తప్పు అని చెప్పాను. తాళాల సంగతి, పక్క ఇళ్ళ సంగతి, దీదీకి వచ్చిన నోటీసు సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను.

పక్కనే కూర్చున్న మా డైరెక్టర్ ముందుకు వంగారు. "ఫీల్డ్ స్టాఫ్ పొరపాటు, మేడం. సరిచేస్తాం" అన్నారు.

నేను ఒక్కసారి తల ఊపితే సరిపోయేది. అలాంటి మాట అన్నప్పుడు అందరూ నమ్ముతారు. ఎండలో తిరిగి ఫారాలు నింపినవాళ్ళు ఆ గదిలో లేరు, వాళ్ళ పేర్లు రిపోర్టులో లేవు. తల ఊపాలని నాకు అనిపించలేదని చెప్తే అబద్ధమవుతుంది.

"కాదు, మేడం" అన్నాను. "వాళ్ళు నేను రాసిచ్చింది అక్షరం తప్పకుండా చేశారు. తాళాలు లెక్కపెట్టే వరుసను నేనే తీసేశాను. ఒకమ్మాయి వచ్చి ఇది తప్పని చెప్పింది కూడా. నేను కసిరి పంపాను. ఇదిగో, అయినా రాసి పెట్టింది." కట్ట ఆవిడ ముందుకు జరిపాను.

ఆవిడ పై కాగితం తీసి ఆ పెన్సిలు గుర్తు వైపు చాలాసేపు చూశారు. "ఇదే భాష?"

"తెలుగు."

"పోయినసారి మీకు రెండు నక్షత్రాలున్నాయి."

"ఉన్నాయి, మేడం. లెక్క సరిగానే చేశాను. తప్పుడు ఇళ్ళ లెక్క చేశాను."

ఆవిడ నన్ను మెచ్చుకోలేదు, ఓదార్చలేదు. మీవల్ల నాలుగు నెలలు వృథా అయ్యాయన్నారు, అది నిజం. తరువాత స్టెనోకు చెప్పారు: తీర్మానం వాయిదా, ఆదివారాలూ సాయంత్రాలూ మళ్ళీ సర్వే, రిజిస్టర్ల మీద ఆ వాక్యాన్ని రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవాలి, దాని ఆధారంగా ఇచ్చిన నోటీసులన్నీ ఇవాళే రద్దు చెయ్యాలి. పది నిమిషాల్లో ముగిసింది. తిరుగు ప్రయాణంలో డైరెక్టర్ కారులో నాతో మాట్లాడలేదు. తరువాత చాలా రోజులు కూడా అవసరమైనంత మేరకే మాట్లాడారు.

మళ్ళీ సర్వే చేశాం. ఫారం రెండు కాగితాలైంది. ఆ అమ్మాయిని ఈసారి మిగతా వాళ్ళకు సూపర్‌వైజరుగా పెట్టాను. మొదటి రోజు నేనూ వెంట వెళ్తే, "సార్, ఎండగున్నది, గొడుగు తెచ్చుకోకపోయిన్రా?" అని నవ్వింది. అంతకు మించి ఎత్తిపొడవలేదు. ఆ తరువాత ఆమె సర్వీసులో చేరిందని, మంచి అధికారి అని పేరు తెచ్చుకుందని విన్నాను. ఫలితాలు ఎలా వచ్చి ఉంటాయో మీరు ఊహించగలరు. బాల్వాడీలు మిగిలాయి. అన్నీ కాదు. నాలుగో కాలనీలో ఉన్నదాన్ని మా మొదటి రిపోర్టు చూసి, తీర్మానం కోసం ఆగకుండా, అప్పటికే మూసేశారు. ఆ గదిలో ఎవరివో పాత బల్లలు, బీరువాలు చేరాయి. అక్కడి దీదీ నోటీసుకు జవాబు ఇవ్వకుండానే ఊరికి వెళ్ళిపోయిందట. ఆమె చిరునామా కోసం తిరిగాను, దొరకలేదు. ఆ ఒక్కటీ నేను సరిచెయ్యలేకపోయాను. మీలో ఎవరికైనా లైబ్రరీలో మా మొదటి రిపోర్టు దొరికితే దయచేసి వాడుకోకండి. అది ఇప్పటికీ అక్కడక్కడ ఉటంకింపుల్లో కనబడుతుంది. రెండోదాని జోలికి ఎవరూ పోరు, అది లావుగా ఉంటుంది.

అసలు చెప్పాలనుకున్నది ఇక్కడుంది. నోటీసు రద్దయిన మరుసటి వారం నేను ఆ గల్లీకి మళ్ళీ వెళ్ళాను. పన్నెండు దాటింది, పిల్లలు తిని పడుకున్నారు. తలుపు దగ్గరగా వేసి ఉంది. మెల్లగా తోసి, ఈసారి లోపలికి వెళ్ళాను. దీదీ గోడకు ఆనుకుని పిల్లల స్వెట్టరు ఒకటి కుడుతోంది.

"ఆ వాక్యం రాసింది నేను" అన్నాను. హిందీలో అంత చిన్న వాక్యం చెప్పడానికి నేను పడ్డ అవస్థ చెప్పలేను. "ఆ రోజు మీరు అడిగితే చెప్పలేదు. మాఫ్ కీజియే."

ఆమె సూది ఆపి నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె లేచి, రిజిస్టర్ తెచ్చి, ఆనాటి పేజీ తెరిచి నా చేతిలో పెట్టింది. గొంతు పెంచలేదు, పిల్లలు నిద్రపోతున్నారు కదా.

"గిన్ లీజియే" అంది. లెక్కపెట్టుకోండి.

రిజిస్టర్లో ఆ రోజుకు ముప్పై రెండు అని ఉంది. నేను చాపల మధ్య కాలి వేళ్ళ మీద నడుస్తూ లెక్కపెట్టాను. ఒకరి మీద ఒకరు కాళ్ళేసుకుని పడుకున్నారు, తలలు లెక్కపెట్టడమే నయం. ముప్పై ఒకటి. గది చివరి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. ముప్పై ఒకటే. అంతా జరిగిన తరువాత కూడా నా బుద్ధి ఎలాంటిదో చూడండి. ఒకటి తగ్గింది, చూశావా, అని లోపల ఎవరో అన్నారు. ఆ మాట నా ముఖం మీద ఆమెకు కనబడే ఉంటుంది.

"దర్వాజే కే పీఛే" అంది దీదీ. తలుపు వెనక.

నేను లోపలికి రావడానికి తోసిన తలుపు గోడ వైపుకు తెరుచుకుని ఉంది. వెనక్కి వెళ్ళి దాన్ని మెల్లగా ఇవతలికి లాగాను. తలుపుకీ గోడకీ మధ్య, గోనెపట్టా మీద, బొటనవేలు నోట్లో పెట్టుకుని ఒక పాప నిద్రపోతోంది.

దీదీ పెన్ను ఇచ్చింది. నేను ఆ పేజీ కింద ముప్పై రెండు అని రాసి, సంతకం చేశాను.